మొదటి విడత చేప

మెట్ట భూముల అభివృద్ధి సంస్థ జిల్లా కార్యాలయంలో కుళాయి తిప్పితే ముందు గాలి వస్తుంది, తర్వాత చప్పుడు వస్తుంది, ఆ తర్వాత ఏమీ రాదు. నీళ్ల ట్యాంకరు వచ్చిన రోజే అక్కడ పండగ. అటువంటి ఆఫీసులో సముద్రం పెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

ఉత్తర్వు భాషలో లోపం లేదు. "సిబ్బంది యొక్క మానసిక ఒత్తిడిని నివారించు నిమిత్తము ప్రతి జిల్లా కార్యాలయమునందును ఒక ఉప్పునీటి పగడపు దిబ్బ అక్వేరియమును నెలకొల్పవలసినది" అని ఉంది. సంస్థ కమిషనరు గారు ఏదో విదేశీ పర్యటనకు వెళ్లి, అక్కడొక ఆఫీసు వరండాలో అద్దాల పెట్టెలో రంగురంగుల చేపలు తిరగడం చూశారట. ఆ ఆఫీసులో ఎవరూ ఎవరినీ కసురుకోవడం లేదట. అదంతా చేపల మహిమేనని అక్కడికక్కడే తేల్చేశారు. ఆ ఆఫీసులో ఒక్కొక్కరి బల్ల మీద ఎన్ని ఫైళ్లున్నాయో అడగాలని మాత్రం ఆయనకి తోచలేదు. తిరిగొచ్చిన వెంటనే 'నీలి ప్రశాంతి' అని పథకానికి పేరు కూడా పెట్టేశారు.

అదే రోజు తపాలాలో సీనియర్ అసిస్టెంట్ నూకరత్నానికి బదిలీ ఉత్తర్వు వచ్చింది.

నూకరత్నానిది తుని దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. భర్త తుని బస్సు డిపోలో మెకానిక్కు. కూతురు లాస్య నాలుగో తరగతి. ఆ పిల్ల ఒకటో తరగతిలో చేరిన ఏడాదే తల్లికి రాష్ట్రానికి ఈ చివరున్న జిల్లాలో పోస్టింగు పడింది. అప్పట్నుంచి ఇక్కడ ఒంటి గదిలో ఆమె, అక్కడ వాళ్లిద్దరూ. ఎన్నో దరఖాస్తుల తర్వాత వచ్చిన బదిలీ అది. ఉగాది మర్నాటికల్లా తునిలో చేరకపోతే ఆ ఖాళీ ఇంకొకరికి ఇస్తామని కింద ఒక వాక్యం కూడా ఉంది. ఉగాదికి ఇంకా చాలా రోజులున్నాయి కదా అని ఆమె ఆ వాక్యాన్ని పట్టించుకోలేదు. సంతోషంతో ప్రాజెక్ట్ డైరెక్టర్, అంటే పీడీ, వెంకటశివయ్య గదిలోకి వెళ్లింది.

వెంకటశివయ్య చెడ్డవాడు కాడు. రూల్సు తెలిసినవాడు, అంతే. చెడ్డవాణ్ణయితే బతిమాలుకోవచ్చు.

"శుభాకాంక్షలమ్మా," అన్నాడాయన. "మిమ్మల్ని రిలీవ్ చేయడానికి నాకు ఏ విధమైన అభ్యంతరమూ లేదు. ఈ అక్వేరియం ఒక్కటి నెలకొల్పి, ఛార్జి అప్పగించి వెళ్లండి."

"నేనా సార్?"

"మీ సర్వీసు రిజిస్టరులో స్వస్థలం చూశాను. సముద్ర తీరం అని ఉంది. ఈ కార్యాలయంలో సముద్ర సంబంధమైన అనుభవం కలిగినవారు మీరొక్కరే."

"అయ్యో, నాకు చేపల పులుసు తెలుసండి గానీ చేపల్ని పెంచడం నాకేం తెలుసండి?"

"అనుభవం అనుభవమేనమ్మా," అని వెంకటశివయ్య ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెట్టేశాడు.

బస్టాండు దగ్గర రంగు చేపలూ, చిలకల గింజలూ అమ్మే ఖాజా మొహిద్దీన్ ఈ పనికి కుదిరాడు. బెంగళూరు వెళ్లి అద్దాల తొట్టి, అలలు పుట్టించే పంపు, నీలం లైటు, నీళ్లు చల్లబరిచే యంత్రం, తెల్లటి ఇసుక, బొరియలున్న రాళ్లు, సముద్రపు ఉప్పు బస్తా పట్టుకొచ్చాడు. తొట్టికి మామూలు నీళ్లు పనికిరావట, శుద్ధి చేసిన నీళ్లే పోయాలట. సిబ్బంది తాగడానికి తెప్పించుకునే క్యాన్లు వరసగా తొట్టిలోకి వెళ్లాయి. ఆ రోజు మధ్యాహ్నం అకౌంట్సు సెక్షను మొత్తం టీ కొట్టుకి వెళ్లి నీళ్లు తాగొచ్చింది.

ఉప్పెంతుందో చూసే గాజు గొట్టం ఒకటి ఖాజా నీళ్లలో ముంచి, సరిగ్గా ఉందన్నాడు. వెంకటశివయ్యకు నమ్మకం కుదరలేదు. చిటికెన వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఇంకొక గుప్పెడు పడాలి," అన్నాడు. సాంబారుకి వేసినట్టే వేశారు.

"ఇప్పుడు దీన్ని నెలన్నర ఇట్లే వదిలేయల్ల మేడం," అన్నాడు ఖాజా నూకరత్నంతో. "ఈ రాళ్లకి కంటికి అగపడని పురుగు పడతాది. చేప వదిలే మురికిని ఆ పురుగే తింటాది. అది పట్టకముందే చేపల్ని వేసినామంటే, వాటి మురికికి అవే చస్తాయి."

ఆ మాట ఆమెకు బాగా అర్థమైంది. పాలు తోడుకోవడానికైనా ఒక పూట ఆగుతారు కదా అనుకుంది. వెళ్లి పీడీ గారికి చెప్పింది.

"నెలన్నర ఖాళీ నీళ్లా?" అని వెంకటశివయ్య కుర్చీలోంచి లేచాడు. "ప్రారంభోత్సవం వచ్చే గురువారం. కమిషనరు గారు స్వయంగా విచ్చేస్తున్నారు. వారు వచ్చి నీళ్లను ప్రారంభిస్తారా? పైగా, పురుగు పట్టుట అనే అంశం ఉత్తర్వులో ఎక్కడా లేదు. జీవరాశి సంఖ్య అనుబంధంలో స్పష్టంగా ఉంది. అంతా ఒకేసారి ఉండాలి."

ఖాజా ఒక్క క్షణం ఆలోచించాడు. వ్యాపారస్తుడు గనక అంతకంటే ఎక్కువ ఆలోచించలేదు. "సార్ అంత తొందరంటే సీసా ఉండాది సార్. రెడీమేడ్ పురుగు," అన్నాడు.

"చూశారామ్మా," అన్నాడు వెంకటశివయ్య. "సంకల్పం ఉంటే మార్గం సీసాలోనే ఉంటుంది."

గురువారం తొట్టిలో అనుబంధం ప్రకారం అన్నీ ఉన్నాయి. నారింజ రంగు మీద తెల్ల చారలున్న జోకరు చేపలు, నీలం చేపలు, ఒక పసుపు చేప, ఎర్ర గీతల రొయ్య, ఖాళీ శంఖాల్లో కాపురముండే పీతలు, పుట్టగొడుగుల్లాంటి మెత్తటి పగడాలు. కొత్త జీపుకైనా జెరాక్సు మిషనుకైనా పూజ చేయకుండా వాడే ఆఫీసు కాదది. అద్దం మీద గంధం పూసి బొట్లు పెట్టారు. కమిషనరు గారు చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ గంగమ్మకని నీళ్లలో వదిలారు. ఆయన వెనకున్న ఉప కమిషనర్లు తక్కువ తింటే బాగుండదని తలో చిటికెడు వేశారు. వెంకటశివయ్య కొబ్బరికాయ కొట్టి, నీళ్లు కిందపడితే అపచారమని జాగ్రత్తగా తొట్టిలోనే పోశాడు. నూకరత్నం "సార్, సార్" అంటూనే ఉంది. భజంత్రీల్లో ఎవరికీ వినబడలేదు.

"నా ఒత్తిడి ఇప్పటికే తగ్గుముఖం పట్టిన అనుభూతి కలుగుతున్నది," అని కమిషనరు గారు ప్రసంగించారు. అందరూ తమదీ తగ్గిందని చప్పట్లు కొట్టారు.

మర్నాటి నుంచి సిబ్బందికి ప్రశాంతి విధులు వేశారు. ఒక్కొక్కరు వంతు ప్రకారం వచ్చి తొట్టి ముందు కూర్చుని, ఒత్తిడి తగ్గించుకుని, సంతకం పెట్టి పోవాలి. వంతు తప్పినవారికీ, కూర్చుని కూడా ముఖం చిట్లించినవారికీ మెమోలు వెళ్లాయి. "ప్రశాంతముగా ఉండకపోవుటకు గల కారణములను మూడు దినములలో తెలియజేయవలెను" అని వాటి సారాంశం. టైపిస్టు ఒకాయన తన భార్యకు కాన్పు కష్టమైందని జవాబు రాస్తే, అది కార్యాలయ కారణం కాదని తిప్పి పంపారు.

ఆ వారంలోనే ఒక నీలం చేప పొట్ట తిరగేసి పైకి తేలింది.

నూకరత్నానికి అప్పటికి ఆ తొట్టి అలవాటైపోయింది. పొద్దున్నే ఆఫీసుకొచ్చి లైటు వేస్తే, జోకరు చేపల్లో చిన్నది అద్దం దగ్గరకు పరిగెత్తుకొచ్చేది. మేత కోసమేనని తెలిసినా ఆమెకు బాగుండేది. తేలిన చేపను చూడగానే ఆమె పరుగున వచ్చింది. చచ్చిందాన్ని అలాగే వదిలితే మిగతావాటికి ముప్పని ఖాజా చెప్పాడు కదా అని వల తీసుకుంది. వల నీళ్లలో మునిగిందో లేదో వెంకటశివయ్య గదిలోంచి వచ్చాడు.

"ఏం చేస్తున్నారమ్మా?"

"చచ్చిపోయిందండి. తీసేస్తున్నాను."

"ప్రభుత్వ స్టాకులో ఉన్న వస్తువును మీ అంతట మీరు తీసేస్తారా? కుర్చీ విరిగితే బయట పారేస్తున్నామా? కండెమ్నేషన్ కమిటీ వచ్చి, పరిశీలించి, పనికిరాదని ధ్రువీకరించాలి. అంతవరకు ఎక్కడిదక్కడ ఉండవలసిందే."

ఆ కార్యాలయంలో విరిగిన కుర్చీలు మేడ మెట్ల కింద కప్పుదాకా పేర్చి ఉన్నాయి. కమిటీ కోసం చూసీ చూసీ వాటికి చెదలు కూడా పట్టింది. చేప మాత్రం కర్ర కాదు. ఎక్కడిదక్కడ ఉండి అది చేయవలసిన పని అది చేసింది. నీళ్లు పాలలా తెల్లబడి, పసుపు చేపా, తక్కిన నీలం చేపలూ, జోకరు చేపల్లో పెద్దదీ ఒకదాని వెనక ఒకటి పోయాయి. పగడాలు కరిగి జిగురైపోయాయి. వరండాలో కంపు లేచింది. ప్రశాంతి విధులకొచ్చినవాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకుని సంతకాలు పెట్టారు.

నూకరత్నం చేతులు జోడించి ఏడ్చినంత పనిచేసింది. చివరికి వెంకటశివయ్య ఒక మెట్టు దిగాడు. మృత స్టాకును నీళ్లలోంచి తీయవచ్చు గానీ, కమిటీ వచ్చేవరకు గుర్తుపట్టే స్థితిలో భద్రపరచాలన్నాడు. ఆ పూట ఆమె వాళ్లమ్మకి ఫోన్ చేసి ఎండుచేపలకి ఉప్పెలా పట్టించాలో కనుక్కుంది. సముద్రపు ఊరి అనుభవం పనికొచ్చింది అక్కడొక్కచోటే. చచ్చినవన్నీ జాడీలోకెక్కాయి. తల నెరిసిన అటెండరు ఓబులేసు జాడీకి గుడ్డ కట్టి లక్క ముద్ర వేశాడు.

"ఏందమ్మా ఇది, ఊరగాయకి సీలేసినట్ల," అన్నాడు.

ఆమె తన జీతంలోంచి నీళ్ల క్యాన్లు కొని, కొంచెం కొంచెంగా నీళ్లు మార్చింది. చిన్న జోకరు చేపా, రొయ్యా, పీతలూ నిలబడ్డాయి. బతికిందాన్ని బతికించుకుంటే చాలు, వీటిని అప్పగించి పోతానని అనుకుంది. అప్పుడు దిగాడు స్టాకు తనిఖీ అధికారి.

రొయ్యలు పెరిగేటప్పుడు పై పొలుసు మొత్తాన్ని చొక్కా విప్పినట్టు విప్పేస్తాయి. విప్పిన పొలుసు కాళ్లూ మీసాలతో సహా అచ్చం రొయ్యలాగే ఉంటుంది. తనిఖీ అధికారి వచ్చింది సరిగ్గా ఆ పొద్దుటే. ఆయన అద్దానికి ముక్కు ఆనించి లెక్కపెట్టాడు.

"రొయ్యలు రెండున్నాయి. స్టాకులో ఒకటే ఉంది."

"రెండోది పొలుసండి. ఖాళీది."

"మేడం, తక్కువ వస్తే నిర్లక్ష్యం అంటాం. ఎక్కువ వస్తే దాన్ని ఏమనాలో కూడా రూల్సులో లేదు. ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరిచ్చారు? ప్రతిఫలంగా ఏం జరిగింది?"

ఆయన రెండు రొయ్యలని రాసుకుని ఆమెచేత సంతకం పెట్టించుకున్నాడు. రెండు రోజులకి పొలుసు నీళ్లలో నానిపోయి ముక్కలైంది. ఒక రొయ్య మాయమైనందుకు ఆమెకు మెమో వచ్చింది. ఈలోగా ఒక పీత ఇరుకైందని పాత శంఖం వదిలి, ఖాళీగా పడున్న గోధుమరంగు శంఖంలోకి మారింది. స్టాకులో 'తెల్ల శంఖపు పీత' అని ఉంది గనక, అది పోయి వేరేది వచ్చినట్టు ఇంకొక మెమో. "మార్పిడి చేసినది ఎవరు?" అని అందులో అడిగారు. పీతేనని ఆమె నిజమే రాసింది. జవాబు ధిక్కారంగా ఉందని మూడో మెమో వచ్చింది.

"అమ్మా, ఎప్పుడొస్తావు?" అని లాస్య రోజూ ఫోన్లో అడిగేది. "వచ్చేస్తానే తల్లీ, చేపల్ని అప్పగించేసి," అనేది ఆమె. ఒకరోజు పిల్ల, "నాన్న చెప్పాడు, ఉగాది దాటితే ఇంక రావంట కదా," అంది. నూకరత్నం ఫోన్ పెట్టేసి, నీలం లైటు ముందు కూర్చుని ఏడ్చింది. ప్రశాంతి విధుల్లో ఏడ్వకూడదని లేదు గనక ఎవరూ ఏమీ అనలేదు.

ఆమె మళ్లీ పీడీ గారి గది తలుపు తట్టింది.

"ఛార్జి అప్పగించాలంటే పుచ్చుకునేవారు ఉండాలమ్మా," అన్నాడు వెంకటశివయ్య విచారంగా. "సగం చచ్చిన స్టాకును ఎవరు పుచ్చుకుంటారు? కమిటీ కండెమ్ చేయాలన్నా ఒక చిక్కుంది. అక్వేరియం ఫర్నిచర్ తరగతిలోకి వస్తుంది. ఫర్నిచర్‌కి నిర్ణీత ఆయుర్దాయం అయిదేళ్లు. అయిదేళ్లు పూర్తికాకముందే చేప చనిపోవడం నిబంధనలకు విరుద్ధం."

"అయితే అయిదేళ్లూ నేనిక్కడే ఉండాలాండీ?"

"చేప తన సర్వీసు పూర్తిచేసేవరకు," అన్నాడాయన.

ఉగాది ఇంకో రెండు రోజుల్లో ఉందనగా గాలి తిరిగింది. నీలి ప్రశాంతి విజయవంతమైందని కమిషనరు గారు నివేదిక పంపగా, రెండో విడత మంజూరైంది. అయితే రెండో విడత జీవరాశి విడుదల కావాలంటే మొదటి విడత జీవరాశి పూర్తిగా నశించినట్టు ధ్రువపత్రం పంపాలి. మొదటి విడతకు మాత్రం ఆయుర్దాయ నిబంధన సడలించారు. ఇన్నాళ్లూ రాని కమిటీ మర్నాడే జీపు దిగింది.

కమిటీలో ముగ్గురు. అధ్యక్షుడు ట్రాక్టర్ల విభాగం ఇంజినీరు. ఆయన జాడీ మూత తీయించి, లోపలికి తొంగిచూసి, "మరమ్మతుకు అవకాశం లేదు," అని రాయించాడు. పీతల్నీ, రొయ్యనూ విడిభాగాల కింద లెక్కలోంచి కొట్టేశారు. మిగిలింది చిన్న జోకరు చేప. అది లైటు వెలుగులో అద్దం పక్కనే తిరుగుతోంది.

"ఇది బతికే ఉన్నట్టుందే," అన్నాడు రెండో సభ్యుడు.

అధ్యక్షుడు కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. వెంకటశివయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. ధ్రువపత్రం 'యావత్తూ మృతి' అని ముందే టైపై ఉంది. మళ్లీ టైపు చేయించాలంటే టైపిస్టు కాన్పు సెలవులో ఉన్నాడు. వెంకటశివయ్య నూకరత్నాన్ని పక్కకి పిలిచాడు.

"అమ్మా, కమిటీవారు భోజనం చేసి వస్తారు. ఈలోగా ఆ పంపు స్విచ్చి... వేసవి కాలం కదా, కరెంటు పోతూ ఉంటుంది. ధ్రువపత్రం మీద సంతకాలయితే మీ రిలీవింగ్ ఉత్తర్వు నా టేబుల్ మీదే ఉంది."

వాళ్లు భోజనానికి వెళ్లారు. నూకరత్నం స్విచ్చి ముందు నిలబడింది, పక్కన ఓబులేసు. స్విచ్చి నొక్కితే సాయంత్రం బస్సుకి తుని వెళ్లొచ్చు. చేప ఆమెను చూసి మేత కోసం అద్దానికి మూతి ఆనించింది. ఆమెకు ఆ చేప మీద జాలి కంటే, ఈ పనిని తనచేత చేయించాలనుకున్న మనుషుల మీద అసహ్యం ఎక్కువ పుట్టింది. "చంపుకోదలిస్తే వాళ్లనే వచ్చి నొక్కమను ఓబులేసూ," అని మేత డబ్బా తీసి చేపకి మేతేసింది.

కమిటీ తిరిగొచ్చేసరికి చేప ఇంకా చురుగ్గా తిరుగుతోంది. అందరూ కాసేపు దాన్ని చూశారు. జీపు డ్రైవరు హారన్ కొట్టాడు. అధ్యక్షుడు గొంతు సవరించుకుని రాయించాడు. "తొట్టిలో కనిపించుచున్న చలనము పంపు వలన సంభవించుచున్నదే గాని, జీవము వలన కాదని కమిటీ ఏకగ్రీవముగా అభిప్రాయపడినది."

ముగ్గురూ సంతకాలు పెట్టారు. చేప ఆ పక్కనుంచి ఈ పక్కకు వెళ్లింది.

రిలీవింగ్ ఉత్తర్వు నూకరత్నం చేతికిస్తూ వెంకటశివయ్య ఒక్కమాట చెప్పాడు. "ఇకమీదట దానికి మేత వేయకూడదు. మృత స్టాకుకు మేత వేస్తే దుర్వినియోగం కిందికి వస్తుంది."

ఆమె వెళ్లి వల తెచ్చింది. మూతున్న బకెట్టులో తొట్టి నీళ్లు పోసి, చేపను అందులోకి దింపింది. ఓబులేసు బకెట్టు అందుకుని, ఆమె సంచీ భుజాన వేసుకుని వెంట నడిచాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఏమిటని అడిగితే, కండెమ్ అయిన సరుకని చెప్పింది. బస్టాండు ముందు ఖాజా కొట్లో నడుస్తున్న తొట్టి ఒకటుంది. చేపను జాగ్రత్తగా చూసుకోమని అతనికి ఊరికే ఇచ్చేసి, ఆమె బస్సెక్కింది.

తెల్లారితే ఉగాది. తునిలో లాస్య అమ్మ మెడ పట్టుకుని వదల్లేదు. పచ్చడి తినిపిస్తే ముఖం వికారంగా పెట్టి, ఇంకొంచెం పెట్టమంది. పండగ మర్నాడు నూకరత్నం తుని ఆఫీసులో చేరింది. ఆ మధ్యాహ్నమే ఓబులేసు ఫోన్ వచ్చింది.

"అమ్మా, రెండో విడత చేప వచ్చినాది."

"మంచిదే ఓబులేసూ. ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

"యాడిదమ్మా, మనదే. ఖాజా కొట్లో కొనుక్కొచ్చినారు. నన్ను చూస్తానే అద్దం కాడికి వచ్చె. అది సచ్చిపోయిన చేప కదా సార్ అంటే, కాదు, దీనికి కొత్త బిల్లుండాది అన్యాడు పీడీ సారు."

ఆమెకు నవ్వొచ్చింది. "పోనీలే, బతికింది కదా. ఛార్జి ఎవరిమీద రాశారు?"

ఓబులేసు గొంతు తగ్గించాడు.

"నామిందేనమ్మా. నువ్వు పొయ్యేటప్పుడు బకెట్టు నేను మోసినా కదా. జలచర రవాణాలో అనుభవముండాది అని రాసినారు. వచ్చే నెల్లో నా రిటైరుమెంటు. కాయితాలు ఆపినారు. ఈ విడతకి సడలింపు లేదంట. చేపకి అయిదేండ్లు నిండల్లంట."

నూకరత్నం నవ్వు నోట్లోనే ఉండిపోయింది. తను తప్పించుకున్న గోతిలో ఆ ముసలాయన పడ్డాడని సిగ్గేసింది. దాన్ని తవ్వినవాళ్లు ఈపాటికి ఫ్యాను కింద కూర్చుని మూడో విడతకి ప్రతిపాదనలు రాస్తుంటారని ఒళ్లు మండింది.

"మేత ఎంతెయ్యాల్నమ్మా?" అని అడిగాడు ఓబులేసు. "జాస్తి ఏస్తే సస్తాది, తక్కవేసినా సస్తాది అంటాండారు ఈడ."

"పొద్దున్నే ఒక్క చిటికెడు," అని చెప్పింది నూకరత్నం. "తిన్నంతసేపూ దగ్గరే నిలబడు. మిగిలితే తీసెయ్. జాగ్రత్తగా చూసుకో ఓబులేసూ, అది నీ పెన్షను."